పిల్లలతో పాలిమర్ క్లే కమ్మలు, దండలు చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిపూస:

ఈ సెలవుల్లో ముగ్గురు పిల్లలు నా నెత్తిన పడబోతున్నారు. మా పెద్దమ్మాయికి పదేళ్లు, చిన్నోడికి అయిదు, మధ్యలో మా చెల్లి కూతురికి ఏడు. పెద్దది ఎక్కడో వీడియో చూసి పాలిమర్ క్లేతో కమ్మలు, దండలు చేద్దామని ప్రాణం తీస్తోంది, అది అంటే మిగతా ఇద్దరూ తందాన అంటారు. క్లే ఇంకా కొనలేదు, ముందు ఇక్కడ అడుగుదామని ఆగాను.

అసలు ఇది మట్టా, ప్లాస్టిక్కా? చిన్నోడు ఏది దొరికినా ఓసారి నోట్లో పెట్టి చూసే రకం, నా టెన్షన్ అంతా వాడి గురించే. ఇంట్లో వంటకి వాడే ఓవెన్ ఒక్కటే ఉంది, అందులో కాలిస్తే ఫర్వాలేదా, విడిగా ఇంకోటి ఉండాలా? పొగ వస్తుందని ఒకరంటారు, అసలేం రాదని ఇంకొకరంటారు. తెలిసినవాళ్లు చేసిన కమ్మలు కూడా చూశాను, చూడ్డానికి ముద్దొస్తున్నాయి కానీ చేత్తో పట్టుకుంటే పుటుక్కుమన్నాయి. పిల్లలు అంత కష్టపడి చేసింది మర్నాడే విరిగితే ఆ ఏడుపు ఆపడం నా వల్ల కాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా పని పంచడం ఎలా? వీడియోల్లో పెద్దవాళ్లే అంతా చేసేసి, చివర్లో పిల్లల చేత ఓ చుక్క పెట్టించి మా పాప చేసిందంటున్నారు. నాకది వద్దు. ముగ్గురికీ ఎవరి వయసుకి తగ్గ పని వాళ్లకి ఉండాలి. పిల్లలతో చేయించినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కొలిమిపక్క:

మట్టి కాదండీ. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచడానికి ప్లాస్టిసైజర్ అనే ఒక జిడ్డు ద్రవం, రంగు, ఇంతే. ఇందులో నీళ్లు లేవు కాబట్టి ఆరడం అంటూ ఉండదు, వారం రోజులు బయట పెట్టినా గట్టిపడదు. వేడి తగిలినప్పుడే ఆ రేణువులన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగి ఒకే ముక్క అవుతాయి.

విరగడం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ దానికి క్లేని తిడతారు. చాలావరకు అది సరిగ్గా కాలకపోవడమే. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల రేణువులు మాత్రం ఇంకా కలిసి ఉండవు. బాగా కాలిన సన్నటి ముక్క వంచితే వంగుతుంది, పుటుక్కుమనదు. ఫిమో అనే బ్రాండ్ అయితే 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట అంటారు, స్కల్పీ ప్రీమో 130 దగ్గర ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట, కాటో 150 దాకా అడుగుతుంది. ఏది కొన్నా ప్యాకెట్ మీద రాసిందే లెక్క, వీడియోలో చెప్పింది కాదు, అందుకే మొదట్లో రెండు బ్రాండ్లు కలపకండి. సమయం కొంచెం ఎక్కువైనా నష్టం లేదు, వేడి ఎక్కువైతేనే గొడవ.

ఓవెన్ మీద 130 అని తిప్పామంటే లోపల 130 ఉన్నట్టు కాదు. చిన్న ఓవెన్లలో ఇది మరీ ఎక్కువ, కాయిల్ ఎర్రబడినప్పుడల్లా వేడి ఒక్కసారిగా ఎగిసి మళ్లీ పడిపోతుంది. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి దొరుకుతుంది, క్లే కంటే ముందు అది కొనండి. ఒక సెరామిక్ టైల్ మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద ముక్కలు పెట్టి, వాటికి తగలకుండా ఎత్తుగా పైన ఫాయిల్ కప్పండి. టైల్ వేడిని నిలకడగా పట్టి ఉంచుతుంది, ఫాయిల్ ఉంటే కాయిల్ సెగ నేరుగా తగిలి తెలుపు కాస్తా గోధుమ రంగుకి తిరగదు, ఇక కాగితం ఎందుకంటే క్లే నున్నటి టైల్‌కి తగిలిన చోట అడుగున మెరిసే మచ్చ పడుతుంది. ఈ వేడికి కాగితానికి నిప్పు అంటుకోదు, భయం లేదు.

పొగ గురించి. సరైన వేడిలో కాస్త ప్లాస్టిక్ వాసన వస్తుంది, కిటికీ తెరిస్తే చాలు. పొగే వచ్చిందంటే మాడుతోందని అర్థం, అందులో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, కళ్లూ ముక్కూ మండిపోతాయి. 175 దాటే పరిస్థితి రానివ్వొద్దు. ఒకవేళ వస్తే ముందు పిల్లల్ని బయటికి పంపి, ఓవెన్ ఆపి, ప్లగ్ తీసి, కిటికీలన్నీ తెరిచి మీరూ బయటికి వచ్చేయండి, చల్లబడేదాకా ఓవెన్ తలుపు తియ్యకండి.

వంట ఓవెన్‌లో కాల్చొచ్చు, తయారుచేసేవాళ్లు ఇంటి ఓవెన్‌ని దృష్టిలో పెట్టుకునే అమ్ముతారు. వంటా క్లే ఒకేసారి మాత్రం పెట్టొద్దు. తరచూ చేస్తారంటే మూసి ఉన్న ఫాయిల్ ట్రేలో కాల్చండి, ఓవెన్ గోడలకి ఏమీ అంటదు. మైక్రోవేవ్ మోడ్‌లో అస్సలు వద్దు, అందులోనే కన్వెక్షన్ ఉంటే అది వాడొచ్చు.

మట్టివేళ్లు:

ఓవెన్ సంగతి పైన వచ్చేసింది కాబట్టి నేను బల్ల దగ్గరి సంగతి చెప్తా. పిల్లలకి క్రాఫ్ట్ క్లాసులు చెప్తుంటాను, మీరన్నట్టు ఆ చివరి చుక్క బాపతు వీడియోలు చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది.

ప్యాకెట్ విప్పగానే క్లే గట్టిగా, విరుచుకుపోతూ ఉంటుంది. మడిచినప్పుడు అంచు చీలకుండా ఉండేదాకా పిసకాలి, అప్పటిదాకా ఏదీ మొదలుపెట్టకూడదు. పెద్దవాళ్లకి ఇది విసుగు, చిన్నపిల్లలకి ఇదే అసలు ఆట. కాకపోతే పెద్ద దిమ్మ ఇస్తే ఆ వేళ్లకి లొంగదు, గోళీ సైజు ముక్కలు కోసి ఇవ్వండి. మరీ మొండిగా ఉంటే ప్యాకెట్‌ని ముందుగా కాసేపు జేబులో వేసుకుని తిరగండి, ఒంటి వేడికి దారికొస్తుంది.

రంగుల వరస పాటించకపోతే మొదటి పావుగంటలోనే అంతా బురద రంగు అయిపోతుంది. తెలుపు ముందు, తర్వాత పసుపు, తర్వాత మిగతావి, ఎరుపూ నలుపూ అన్నిటికన్నా ఆఖర్న. ఎరుపు పిసికిన చేత్తో తెలుపు ముట్టుకుంటే ఆ గులాబీ మరక ఇక వదలదు. రంగు మారినప్పుడల్లా వెట్ వైప్స్‌తో చేతులు తుడిపించండి. నూగు రాలే బట్టలు కూడా వద్దు, తెల్ల క్లే ఇంట్లో ఉన్న ప్రతి వెంట్రుకనీ వెతికి మరీ పట్టుకుంటుంది. కాల్చకముందు దూదిని కాస్త ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిస్తే నూగూ వేలిముద్రలూ పోతాయి, అది మీరు చెయ్యాల్సిన పని. నన్నడిగితే నూగు తియ్యండి, వేలిముద్రలు ఉండనివ్వండి. గుండ్రంగా రాని పూసని మీరు మళ్లీ చుట్టి ఇచ్చారనుకోండి, అది ఇక వాళ్ల పూస కాదు, పిల్లలకి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

బెజ్జం మాత్రం దగ్గరుండి నేర్పించాలి. అప్పుడే చుట్టిన మెత్తటి పూసని గుచ్చితే అణిగిపోతుంది, కాసేపు చల్లటి చోట వదిలేయండి. తర్వాత పూసని రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని, టూత్‌పిక్‌ని అటూ ఇటూ తిప్పుతూ లోపలికి పంపాలి, పొడవకూడదు. మొన అవతలి వైపుకి వచ్చేసరికి అక్కడ క్లే చిన్న బుడిపెలా పైకి లేస్తుంది. అక్కడ ఆపి, పుల్ల వెనక్కి తీసి, పూస తిప్పి, ఆ బుడిపె మీద నుంచి మళ్లీ తిప్పుతూ లోపలికి వస్తే రెండు దార్లూ మధ్యలో కలుస్తాయి, రెండు అంచులూ శుభ్రంగా ఉంటాయి. ఒకే వైపు నుంచి తోసేస్తే అవతలి అంచు చిట్లి రేకులు లేస్తుంది, కాలాక ఆ రేకులే దారాన్ని కోస్తాయి. ఏడేళ్ల పిల్ల ఇది బాగానే పట్టుకుంటుంది, ఒకసారి చేతికి వస్తే ఇక అందరి పూసలకీ తనే బెజ్జాలు పెడతానంటుంది.

రెండు రంగుల క్లే తాళ్లు కలిపి పేనడం, ఆ పేనినదాన్ని ఉండ చేసి పాలరాయి చారలు తెప్పించడం కూడా ఏడేళ్ల వయసుకి సరిపోతాయి. చారలు కనిపించగానే ఆపమని చెప్పాలి, ఇంకాస్త ఇంకాస్త అంటూ కలిపితే చారలు పోయి ఒకే రంగు మిగులుతుంది. పదేళ్ల అమ్మాయికి కేన్ నేర్పించండి. రెండు రంగుల పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి చాపలా బిగించి చుట్టి, అడ్డంగా బిళ్లలు కోస్తే ప్రతి బిళ్లలోనూ అదే చుట్ట కనిపిస్తుంది, మొదటి బిళ్ల కోసినప్పుడు వాళ్ల మొహం చూడాలి. కోసే ముందు చుట్టని ఫ్రిజ్‌లో పావుగంట ఉంచండి, లేకపోతే కత్తి కింద నలిగి గుడ్డు ఆకారంలోకి వస్తుంది. క్లే కోసే బ్లేడు చాలా సన్నం, ఏది పదునైన అంచో ఏది కాదో చూపుకి తెలియదు, మొండి వైపు రంగు టేప్ అంటించి పెట్టండి. అసలు బ్లేడు చేతికివ్వాలా వద్దా అన్నది మీ అమ్మాయి నిదానాన్ని బట్టి మీరే చూసుకోవాలి. ఆ తర్వాత ఇంకా ఆసక్తి ఉంటే ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా జారే పలకలు చేస్తారు, జూడిత్ స్కినర్ అనే ఆవిడ పేరు మీద దాన్ని స్కినర్ బ్లెండ్ అంటారు, మడవడం, ఒత్తడం తప్ప అందులో ఏమీ లేదు కానీ ఓపిక కావాలి.

కమ్మల పలక అంతటా ఒకే మందం రావాలంటే క్లేకి అటూ ఇటూ రెండు ఒకేలాంటి స్కేళ్లు పెట్టి, వాటి మీద రోలర్ దొర్లించండి. వంటింట్లో చపాతీ కర్ర తెచ్చి వాడకండి, క్లేకి వాడిన ఏ వస్తువూ మళ్లీ వంటకి పోకూడదు.

ఓవెన్‌లో పెట్టాక ఆ అరగంట ముగ్గుర్నీ ఆపడం ఒక యజ్ఞం. నేనైతే కథ చెప్తాను. స్కల్పీ మొదట బొమ్మల కోసం పుట్టింది కాదు, 1960ల్లో ట్రాన్స్‌ఫార్మర్ల లోపలి వేడిని బయటికి లాగడానికి చేసిన పదార్థం, ఆ పనికి పనికిరాక ఇలా చేతుల్లోకొచ్చింది. ఫిమో వెనకేమో జర్మనీలో బొమ్మలకి పేరుపడ్డ కేతే క్రూజే కుటుంబం ఉంది. పదేళ్లవాళ్లు వింటారు, అయిదేళ్లవాళ్లు అయ్యిందా అయ్యిందా అంటూనే ఉంటారు.

అడ్డుపుల్ల:

అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేను కాస్త అడ్డం పడతా. నోట్లో పెట్టుకునే అలవాటున్న అయిదేళ్లవాడికి పాలిమర్ క్లే ఇవ్వకండి. మిగతా ఇద్దరికీ ఓకే.

ప్యాకెట్ మీద నాన్‌టాక్సిక్ అని ఉంటుంది. చెప్పినట్టు వాడితే హాని లేదని దాని అర్థం, మింగొచ్చని కాదు. ఇంతకుముందు వీటిలో థాలేట్లు అనే ప్లాస్టిసైజర్లు ఉండేవి. 2005లో యూరప్, 2008లో అమెరికా పిల్లల బొమ్మల్లో కొన్ని రకాల థాలేట్లు 0.1 శాతం దాటకూడదని చట్టాలు చేశాయి, పేరున్న కంపెనీలు ఫార్ములాలు మార్చుకున్నాయి. కాబట్టి కొత్తది, పేరున్నది కొంటే ఆ బెంగ చాలావరకు లేదు. ఎవరో అటక మీంచి తీసిచ్చిన పాత దిమ్మలు, తయారుచేసినవాళ్ల పేరు కూడా లేని చవక సెట్లు మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. చేతులు కడుక్కోకుండా ఎవరూ ఏమీ తినకూడదు, బల్ల దగ్గర తిండి అసలే వద్దు.

రెండోది, పూస. సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో ఏదైనా వస్తువు మొత్తం పట్టేస్తే అది మూడేళ్ల లోపు పిల్లల గొంతుకి అడ్డం పడొచ్చని బొమ్మల నిబంధనల్లో ఒక పరీక్ష ఉంది. మీరు చేసే ప్రతి పూసా అందులో పట్టేస్తుంది. మీ ఇంట్లో అంత చిన్నవాళ్లు లేకపోయినా వచ్చిపోయేవాళ్లు ఉంటారుగా.

మెడలో దండకి అయస్కాంతం కొక్కేలు ముద్దుగా ఉంటాయి, టక్కున అతుక్కుంటాయి, పిల్లల నగలకి మాత్రం వద్దే వద్దు. రెండు మింగారంటే పేగుల్లో వేర్వేరు చోట్ల నుంచి ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగుకి చిల్లు పెడతాయి. గట్టిగా లాగితే దానంతటదే ఊడిపోయే కొక్కెం దొరుకుతుంది, అది వేయండి.

చిన్నోడికి గాలికి ఆరే క్లే ఇచ్చి అదే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. అదీ తినేది కాదు, కానీ ఓవెన్ అక్కర్లేదు, చేతులు నీళ్లతో కడిగితే పోతుంది. వాడికి తేడా తెలియదు.

మట్టివేళ్లు:

తేడా తెలియదు అన్నచోట నేను ఒప్పుకోను, అక్కకి మెరిసే రంగుల క్లే ఇచ్చి తనకి తెల్లది ఇస్తే అయిదేళ్లవాడికి భేషుగ్గా తెలుస్తుంది. నోటి సంగతి మాత్రం కరెక్టే. నేను చేసేది ఏంటంటే, అలాంటి పిల్లలకి అక్కలు పరిచిన పలక మీద అచ్చులు వేసే పని ఇస్తాను. ఎండుటాకు, లేసు గుడ్డ, బొత్తాం, పెన్ను మూత, ఏది దొరికితే అది తెచ్చి నొక్కుతారు, పక్కనే కూర్చుంటాను, అయిపోగానే చేతులు కడిగిస్తాను. క్లే చేతిలో ఉండేది తక్కువసేపు, వేసిన గుర్తు మాత్రం వాడిదే. మీరు పక్కన కదలకుండా కూర్చోలేని రోజైతే గాలికి ఆరేదే ఇవ్వండి, అడ్డుపుల్ల గారి మాటే నా మాట.

నీలిపూస:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. అచ్చుల ఐడియా చిన్నోడికి సరిగ్గా సరిపోతుంది, వాడెలాగూ ఆకులూ రాళ్లూ ఏరుకొచ్చి నా బ్యాగులో దాస్తుంటాడు.

ఇంకో మూడు అడుగుతాను, విసుక్కోకండి. మిగిలిన క్లే ఎలా దాచాలి? మెరుపు కావాలని పెద్దది ఇప్పటి నుంచే నా నెయిల్ పాలిష్‌ల మీద కన్నేసింది, అది పూయొచ్చా? మా చెల్లి కూతురికి ఏ కమ్మలు పెట్టినా చెవులు ఎర్రబడి దురద పెడతాయి, దానికి హుక్కులు ఏవి తీసుకోవాలి?

కొలిమిపక్క:

నెయిల్ పాలిష్ వద్దు. మొదట బాగానే మెరుస్తుంది, తర్వాత అందులోని ద్రావకం ప్లాస్టిక్‌తో కలిసి నెమ్మదిగా జిగురు తేలుతుంది, కమ్మ జుట్టుకీ డబ్బాకీ అంటుకుంటుంది, అప్పుడిక చేసేదేం లేదు. స్ప్రే వార్నిష్‌లలో కూడా చాలావాటిది ఇదే కథ. నీళ్లతో కలిసే వార్నిష్ అయితే బాగుంటుంది, పాలిమర్ క్లేకి పనికొస్తుందని రాసి ఉన్నది చూసి పల్చగా రెండు పూతలు వేయండి. అసలు వార్నిష్ లేకుండానే మెరుపు తేవచ్చు. కాలిన ముక్కని గిన్నెడు నీళ్లలో తడుపుతూ 400, 600, 800, 1000 నంబరు సాండ్‌పేపర్లతో వరసగా రుద్ది, చివర్లో పాత జీన్స్ గుడ్డతో గట్టిగా తోమితే నున్నటి మెరుపొస్తుంది. నీళ్లలో ఎందుకంటే ఆ పొడి గాల్లోకి లేచి ముక్కులోకి పోకూడదు. పదేళ్ల పిల్ల ఒక పూసకి ఈ పని ఇష్టంగా చేస్తుంది, రెండో పూసకి మిమ్మల్ని పిలుస్తుంది.

మిగిలిన క్లేని బటర్ పేపర్‌లో చుట్టి, పీపీ (అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్) అనీ 5 అనీ గుర్తున్న డబ్బాలో, ఎండా వేడీ తగలని చోట పెట్టండి. గాజులా గట్టిగా, పారదర్శకంగా ఉండే పాలిస్టైరీన్ డబ్బాలో పెడితే పచ్చి క్లే ఆ డబ్బానే కరిగించి అతుక్కుపోతుంది. వార్నిష్ ఉన్న చెక్క బల్ల మీద కూడా రాత్రంతా వదిలేయొద్దు, మచ్చ పడుతుంది. మామూలు కాగితంలో చుట్టి దాచితే జిడ్డంతా కాగితం పీల్చేసి క్లే గట్టిపడుతుంది. క్లే మరీ మెత్తగా, వేళ్లకి అంటుకునేలా ఉంటే ఇదే పద్ధతి పనికొస్తుంది కూడా, రెండు కాగితాల మధ్య పరిచి బరువు పెట్టి ఉంచితే దారికొస్తుంది.

పిల్లల ముక్కలతో పాటు సన్నటి పట్టీ ఒకటి ఎప్పుడూ కాల్చండి. చల్లారాక దాన్ని వంచి చూడండి, వేడిగా ఉన్నప్పుడు అన్నీ మెత్తగానే ఉంటాయి కాబట్టి అప్పుడు చూసి కంగారుపడొద్దు. పట్టీ విరిగితే మొత్తం ట్రేని మళ్లీ అదే వేడిలో ఇంకో అరగంట పెట్టేయండి, రెండోసారి కాల్చినా ఏమీ కాదు.

జంప్‌రింగ్:

చెవుల సంగతి నేను చెప్తా. దురదకి ఎక్కువగా నికెల్ కారణం, చవక హుక్కుల్లో పైపూత కింద అదే ఉంటుంది. టైటానియం గానీ నయోబియం గానీ చూడండి, అవి దొరికితే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. సర్జికల్ స్టీల్ చాలామందికి పడుతుంది కానీ అందులోనూ కొంచెం నికెల్ ఉంటుంది, మరీ సున్నితమైన చెవులైతే దాని జోలికి పోకండి. పుండు పడేలా ఉంటే ముందు డాక్టరుకి చూపించి ఆ తర్వాత నగలు.

పిల్లల కమ్మలకి వెనక అతికించే పుల్లల కన్నా బెజ్జంలో జంప్‌రింగ్ అనే చిన్న తీగ రింగు వేసి హుక్కుకి వేలాడదీయడమే నయం. సూపర్ గ్లూ గట్టిగా పడుతుంది కానీ పెళుసు, కింద పడితే పుల్ల ఊడుతుంది. వెనక పుల్లే కావాలంటే, దాని చదును బిళ్లని పచ్చి క్లే మీద పెట్టి, చుక్క లిక్విడ్ క్లే వేసి, పైన పల్చటి క్లే పొర కప్పి కలిపి కాల్చేయండి, లోహానికి ఈ వేడి లెక్కలేదు. బెజ్జం కాల్చకముందే పెట్టాలి, అంచుకి మరీ దగ్గరగా వద్దు, కనీసం 3 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి, లేకపోతే అక్కడే తెగుతుంది.

జంప్‌రింగ్ తెరిచేటప్పుడు రెండు కొసల్నీ ఎడం చేసి లాగకూడదు. రెండు చిన్న పటకార్లతో అటొక కొస ఇటొక కొస పట్టుకుని, ఒకదాన్ని ముందుకి, ఇంకోదాన్ని వెనక్కి తిప్పాలి, మూసేటప్పుడు అలాగే వెనక్కి తేవాలి. లాగి తెరిస్తే గుండ్రం పోతుంది, మళ్లీ సరిగ్గా మూసుకోదు, కమ్మ ఎక్కడో పడిపోతుంది. ఈ పని పదేళ్ల అమ్మాయికి పూర్తిగా వదిలేయొచ్చు, పాత రింగుల మీద కాసేపు ప్రాక్టీసు చేయించండి చాలు.

నీలిపూస:

నయోబియం అనే పేరే మొదటిసారి వింటున్నాను, వెతుకుతాను. ప్రస్తుతానికి థర్మామీటరూ, తెలుపు, పసుపు, నీలం, ఎరుపు ఒక్కో ప్యాకెట్టూ తెప్పిస్తున్నా, టైల్ ఇంట్లోనే ఉంది. చిన్నోడికి గాలికి ఆరేది కూడా ఒకటి పక్కన ఉంచుతాను, నాకు ఓపిక లేని రోజుకి.

మట్టివేళ్లు:

మంచి సెట్టే. ఎరుపు మాత్రం మొదటి రోజు వాళ్లకి కనబడనివ్వకండి.